అంబాసిడర్ బేరం

కోల్‌కతాలో పార్క్ స్ట్రీట్ వెళ్లి ఆచార్య జగదీశ్ చంద్రబోస్ రోడ్డును తాకే కూడలిలో రెండు రకాల శ్మశానాలున్నాయి. ఒకటి లోయర్ సర్క్యులర్ రోడ్డు సమాధుల తోట. బెంగాలీ మహాకవి మైకేల్ మధుసూదన్ దత్ అక్కడే నిద్రిస్తున్నారు. రెండోది మల్లిక్ బజార్. అక్కడ కార్లు ముక్కలై పడుంటాయి. తేడా ఒక్కటే, మల్లిక్ బజార్‌లో పునర్జన్మకు గ్యారంటీ ఉంది. ఒక బండి గేరు పెట్టె ఇంకో బండిలోకి, ఆ బండి తలుపు మూడో బండికి వెళ్లిపోతుంటాయి. అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయినా ఆ కారుకు కావాల్సిన సామాను మాత్రం ఈ సందుల్లో ఇప్పటికీ దొరుకుతుంది.

డిసెంబర్ ఉదయం పూట ఆ సందుల్లో ఒక తెలుగాయన తిరుగుతున్నారు. వయసు 58. జేబులో చిన్న అయస్కాంతం, చేతిలో టార్చిలైటు. గార్డెన్ రీచ్‌లోని ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయంలో ఉద్యోగం. పుట్టింది ఖరగ్‌పూర్‌లో. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలంలో శ్రీకాకుళం ప్రాంతం నుంచి వర్క్‌షాపు పనులకు వలస వచ్చి అక్కడే స్థిరపడిన వేలాది తెలుగు కుటుంబాల్లో ఆయనదీ ఒకటి. ఇంకో రెండేళ్లలో రిటైర్మెంట్. ఆ తర్వాత సొంతూరు వెళ్లిపోవాలని ఆలోచన. వెళ్లేటప్పుడు మాత్రం రైల్లో కాదు, సొంత అంబాసిడర్‌లో వెళ్లాలి. ఖరగ్‌పూర్, బాలాసోర్, భువనేశ్వర్, ఇచ్ఛాపురం మీదుగా 16వ నంబర్ జాతీయ రహదారి పట్టుకుని, తొందర లేకుండా, ఎక్కడ చీకటిపడితే అక్కడ ఆగుతూ.

ఇంట్లో ఈ ఆలోచనకు పెద్దగా ఆదరణ లేదు. ‘‘అదే డబ్బుకి ఏసీ ఉన్న చిన్న కారొస్తుంది కదండీ’’ అంటారు ఆయన భార్య. ఆ మాటకు ఆయన దగ్గర జవాబు లేదు. నిజానికి పాత అంబాసిడర్ కొనాలనుకునే ఎవరి దగ్గరా ఆ ప్రశ్నకు లెక్కల్లో తేలే జవాబు ఉండదు.

బండినే ఇల్లు చేసుకుని తిరగాలనే సరదా మనవాళ్లకు కొత్తేం కాదు. 1982లో పార్టీ పెట్టిన ఎన్టీ రామారావు పాత షెవర్లే వ్యానునే చైతన్య రథంగా మార్చుకున్నారు. కొడుకు హరికృష్ణ నడుపుతుంటే రాష్ట్రమంతా తిరిగారు, అందులోనే పడుకున్నారు. అమెరికాలో జనం కారు వెనక తగిలించుకునే ఫైబర్ గ్లాసు ఇళ్లను పాతవి వెతికి మరీ కొంటుంటారు. కోల్‌కతాలో అలాంటివి కనిపించవు. ఉన్న అవసరాన్ని పసుపుపచ్చ అంబాసిడరే తీర్చింది. బీహార్, ఉత్తరప్రదేశ్‌ల నుంచి వచ్చిన టాక్సీ డ్రైవర్లలో చాలామందికి అదే బతుకుదెరువు, అదే పడకగది. మధ్యాహ్నం పూట నాలుగు తలుపులూ బార్లా తెరిచి, వెనక సీటు మీద అడ్డంగా పడుకుని, పాదాలు బయటికి చాపిన డ్రైవర్లు ఈ నగర దృశ్యంలో భాగం. గుండ్రటి ఆ కప్పు కింద ఇద్దరికి పరుపు పరచవచ్చని ఆ తెలుగాయనకు తోచిందంటే, అది ఆ డ్రైవర్లను చూసే.

అయస్కాంతం దేనికంటే, రంగును నమ్మకూడదు గనక. కోల్‌కతా గాలిలో ఏడాది పొడవునా తేమే. వానాకాలంలో ఠన్‌ఠనియా, అమ్‌హర్స్ట్ స్ట్రీట్, సెంట్రల్ ఎవెన్యూల్లో మోకాలి లోతు నీళ్లు నిలుస్తాయి. రేకు లోపలి నుంచి కుళ్లుతుంది. కుళ్లిన చోట ఫైబర్ గ్లాసు పీలిక అతికించి, పుట్టీ మెత్తి, రంగు కొడితే కంటికి కొత్త పెళ్లికూతురే. అయస్కాంతం అంటుకోకపోతే అక్కడ రేకు లేనట్టే లెక్క. తలుపు మీదో బురద రేకు మీదో అయితే పర్వాలేదు, మల్లిక్ బజార్‌లో ఇంకోటి తెచ్చి బిగించవచ్చు. అంబాసిడర్‌కు లారీకి ఉన్నట్టు విడిగా ఛాసిస్ ఉండదు. బాడీయే బరువు మోస్తుంది. తలుపుల కింద పెట్టెల్లా ఉండే గడపలు, నేల రేకు, వెనక కమాన్ కట్టలు బిగించే చోట్లు పుచ్చిపోతే ఆ కారు కారు కాదు, కారు ఆకారం మాత్రమే. జాకీ పెట్టి లేపినప్పుడు తలుపు వేసి తీసి చూడమని మిస్త్రీలు చెబుతారు. బండి గట్టిగా ఉంటే తలుపు మామూలుగానే పడుతుంది. నడుం విరిగిన బండిలో పట్టేస్తుంది.

ఆయన ముందు మూడు బళ్లున్నాయి.

మొదటిది అన్నిటికన్నా చౌక. 2009లో రిజిస్టరైన పసుపు టాక్సీ. ఇంజన్ ఒక్క తిప్పుకే అందుకుంది, అయస్కాంతం దాదాపు అన్ని చోట్లా అతుక్కుంది. అయినా ఇనుము ధరకే ఇస్తామంటున్నారు. కారణం దాని వయసు. 15 ఏళ్లు దాటిన కమర్షియల్ వాహనాలను కోల్‌కతా మహానగర ప్రాంతంలో తిరగనివ్వరాదని కలకత్తా హైకోర్టు 2008లో ఆదేశించింది. 2009 నుంచి అమలు మొదలైంది. డొక్కు బస్సులు, లారీలు, టాక్సీలు అలా తెరమరుగవుతూ వచ్చాయి. మల్లిక్ బజార్ మిస్త్రీ దేన్నైనా బాగుచేస్తాడు గానీ పుట్టిన తేదీని బాగుచేయలేడు. ఈ టాక్సీకి 2024లో 15 ఏళ్లు నిండాయి. పర్మిట్ సరెండర్ చేసి సొంత బండిగా మార్పించిన కాగితం ఏదీ దానికి లేదు. తెల్లరంగు వేసుకుని ఊరికి తీసుకుపొమ్మని దళారి సలహా. అలా తీసుకెళ్తే ఇచ్ఛాపురం చెక్‌పోస్టు దాకా ఎందుకు, విద్యాసాగర్ సేతు దాటేలోపే ఆపేస్తారు.

అంబాసిడర్‌ను కోల్‌కతా టాక్సీగా 1962లో ఖరారు చేశారు. అప్పటి నుంచి ఈ నగరం బొమ్మ గీయాలంటే హౌరా వంతెన, ట్రాము, పసుపు టాక్సీ గీస్తే సరిపోయేది. బ్రిటిష్ కార్ల కార్యక్రమం ‘టాప్ గేర్’ 2013లో ప్రపంచ టాక్సీలన్నిటినీ పోటీకి పెడితే నెగ్గింది అంబాసిడరే. ఆ మరుసటి ఏడాదే ఫ్యాక్టరీకి తాళం పడింది. ఇక లెక్క సులువు. చివరి అంబాసిడర్ టాక్సీకి కూడా 2029 ప్రాంతంలో 15 ఏళ్లు నిండిపోతాయి. వేరే కార్లకు అదే పసుపు పూసి రోడ్డు మీద పెట్టినా, నగరవాసికి అది చుట్టం బట్టలు తొడుక్కున్న పరాయి మనిషిలాగే కనిపిస్తుందని వేరే చెప్పాలా!

ఈ కారు పుట్టిల్లు ఎంతో దూరంలో లేదు. హౌరాలో బర్ధమాన్ వైపు వెళ్లే లోకల్ రైలెక్కితే ఉత్తర్‌పారా తర్వాతి స్టేషన్ పేరే హింద్‌మోటర్. ఒక కార్ల కంపెనీ పేరు రైల్వే స్టేషన్‌కు స్థిరపడిన చోటు అది. బిర్లాలు 1942లో గుజరాత్‌లోని ఓఖా రేవులో హిందుస్థాన్ మోటార్స్ పెట్టి, 1948లో ఇక్కడికి తరలించారు. ఇంగ్లండులో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్‌గా పుట్టిన కారు 1950ల చివర్లో ఇక్కడ అంబాసిడర్ అయింది. అసలు తల్లి 1950ల్లోనే కాలం చేసినా దత్తత వచ్చిన బిడ్డ మాత్రం ఐదు దశాబ్దాలకు పైగా బతికింది. మార్క్ 2, మార్క్ 3, మార్క్ 4, నోవా, క్లాసిక్, గ్రాండ్ అంటూ ముక్కు దగ్గర గ్రిల్ మారేది, మనిషి మారేవాడు కాదు. ప్రధాని నుంచి తహసీల్దారు దాకా అందరికీ అదే కారు. 1983 చివర్లో మారుతి 800 వచ్చాక వేరే దారి ఉందని మధ్యతరగతికి తెలిసింది. 1980ల మధ్యలో ఏడాదికి 24 వేలకు పైగా తయారైన అంబాసిడర్లు 2013–14 నాటికి 2,200కు పడిపోయాయి. 2014 మే 24న ఉత్తర్‌పారాలో పని నిలిపివేస్తున్నట్టు నోటీసు అంటించారు. అప్పటికి అక్కడ పనిచేస్తున్నది సుమారు 2,500 మంది. 2017లో అంబాసిడర్ అనే పేరును ఫ్రాన్స్‌కు చెందిన ప్యూజో కంపెనీ 80 కోట్ల రూపాయలకు కొనుక్కుంది. పేరుకు 80 కోట్లు పలికింది, పేరు మోసిన బండికి పాత ఇనుము ధర.

రెండో బండి అలా కాదు. అది 1968 నాటి మార్క్ 2. స్టీరింగ్ పక్కనే గేరు కడ్డీ, ముందు సీటు బెంచీలా ఒకటే. క్రోమియం బంపరులో మొహం చూసుకోవచ్చు. ధర అడిగితే యజమాని నవ్వి, ‘‘ఇది వింటేజ్, దాదా’’ అన్నాడట. ఆ మాటకు 2021 నుంచి చట్టంలో ఒక అర్థం ఉంది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడని కార్లనూ మోటార్ సైకిళ్లనూ వింటేజ్ వాహనాలుగా నమోదు చేసుకోవచ్చు. నంబరులో ‘వీఏ’ అనే అక్షరాలు చేరతాయి. రుసుము 20 వేలు, పదేళ్ల దాకా చెల్లుతుంది. గొప్పగానే ఉంది. ఆ నంబరుతో బండిని రోజూ తిప్పుకోవడానికి మాత్రం వీల్లేదు. ప్రదర్శనలు, ర్యాలీలు, మరమ్మతు, పెట్రోలు పోయించుకోవడం, అంతవరకే. ‘స్టేట్స్‌మన్’ పత్రిక దశాబ్దాలుగా నడిపిన వింటేజ్ కార్ల ర్యాలీ ఉన్న ఊళ్లో అలాంటి బండికి మర్యాద ఉంటుంది. శ్రీకాకుళం వెళ్లాలనుకునే మనిషికి ఆ మర్యాద ఎందుకు? మామూలు రిజిస్ట్రేషన్‌నే పొడిగించుకుంటే తిరగవచ్చు గానీ, దాని పాత రిజిస్ట్రేషన్ ఎప్పుడు గడువు తీరిందో యజమానికే గుర్తులేదు. పైగా 1489 సీసీ ఇంజన్, నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులు. ఒడిశా రోడ్ల మీద లారీల మధ్య వాటితో నెట్టుకురావడం సాహసమే. ఆయన బంపరులో మొహం చూసుకుని వచ్చేశారు.

మూడోది బాలిగంజ్‌లో, ఒక పాత మేడ కింది గ్యారేజీలో ఉంది. 2002లో రిజిస్టరైన తెల్ల పెట్రోలు బండి. జపాన్ ఇసుజు కంపెనీ రూపొందించిన 1817 సీసీ ఇంజన్, ఐదు గేర్లు. అంబాసిడర్ చరిత్రలో నిజంగా పరుగెత్తిన మోడల్ ఇదేనని మెచ్చుకునేవాళ్లు ఎక్కువ. డీజిల్ అంబాసిడర్‌లో కూర్చున్న మనిషి పక్కవాడితో అరిచి మాట్లాడాలి, ఇందులో ఆ బాధ లేదు. యజమానురాలికి 78 ఏళ్లు. భర్త పోయాక బండి నడిపే వాళ్లు లేరు. బెంగాలీ పద్ధతిలో ఆయన ఆమెను మాషిమా అని పిలిచారు. పిన్ని వరస. ఆమె మొదట టీ ఇచ్చారు, తర్వాత తాళం చేతి ఇచ్చారు.

తివాచీ ఎత్తి చూస్తే ఒండ్రు లేదు. అంటే వరద నీళ్లు లోపలికి రాలేదన్నమాట. గడపల దగ్గర అయస్కాంతం గట్టిగా పట్టుకుంది. వెనక డిక్కీ అడుగున మాత్రం ఒక చోట జారిపోయింది, అరచేయంత ఫైబర్ అతుకు. అది సర్దుకోవచ్చు. జాకీ మీద తలుపు మామూలుగానే పడింది. ఈఎం బైపాస్ మీద నాలుగు కిలోమీటర్లు నడిపితే బ్రేకు కొద్దిగా ఎడమకు లాగింది తప్ప వంక లేదు. సొంత బండి కాబట్టి 2008 నాటి హైకోర్టు ఆదేశం దీనికి తగలదు. 15 ఏళ్లు నిండిన 2017లో ఒకసారి, 2022లో ఇంకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించారు. 2027 దాకా ఢోకా లేదు. ఆ తర్వాతే ఖర్చు. 15 ఏళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ పొడిగింపు రుసుము 600 రూపాయలుండేది. కేంద్రం 2022 ఏప్రిల్ నుంచి దాన్ని ఐదు వేలు చేసింది. 20 ఏళ్లు దాటిన వాటికి 2025లో పది వేలకు పెంచింది. పాత బండి మీద ప్రేమ ఉంటే ఐదేళ్లకోసారి నిరూపించుకోవాలి.

కోల్‌కతాలోనే ఉంచుకుంటే ఇంకో భయం ఉంది. కోల్‌కతా, హౌరాల్లో 15 ఏళ్లు దాటిన వాహనాలను ఆరు నెలల్లో తొలగించాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2022 జులైలో ఆదేశించింది. సొంత బళ్ల వాళ్ల గుండెల్లోనూ రాయి పడింది అప్పుడే. అందుకే ఆయన ఆలోచన వేరు. ఇక్కడ పేరు మార్పించుకుని, ఫారం 28 మీద నిరభ్యంతర పత్రం తీసుకుని, శ్రీకాకుళంలో ఏపీ నంబరు వేయించుకోవాలి. అక్కడ జీవిత పన్ను, హరిత పన్ను కట్టాలి. ఇవన్నీ సవ్యంగా జరగాలంటే ఒక్కటే షరతు. ఆర్‌సీలో ఏముందో బండి మీదా అదే ఉండాలి.

ఆయన కాగితం పెట్టి ఛాసిస్ నంబరు మీద పెన్సిల్ రుద్దారు. సరిపోయింది. ఇంజన్ నంబరు రుద్దారు. సరిపోలేదు.

పాత అంబాసిడర్ల విషయంలో ఇది ఎంతో మామూలు సంగతి. ఇంజన్ పాడైతే బోరు చేయించి, పిస్టన్లు మార్పించడం కన్నా మల్లిక్ బజార్ నుంచి ఇంకో ఇంజన్ తెచ్చి పెట్టడం చౌక. ఒక్క పూటలో అయిపోతుంది. ఏ మార్కెట్టు లేకపోతే ఈ కారు ఎప్పుడో చచ్చిపోయేదో, ఆ మార్కెట్టే దాని కాగితాలను పాడుచేసింది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఇంజన్ మారిస్తే రిజిస్టర్ చేసిన కార్యాలయం అనుమతి తీసుకుని ఆర్‌సీలో రాయించాలి. రాయించాలంటే ఆ ఇంజన్ ఎక్కడి నుంచి వచ్చిందో చూపాలి. చూపలేకపోతే అది దొంగ బండిది కాదని నమ్మేదెవరు? కొన్నవాడి మెడకే చుట్టుకుంటుంది.

ఆయన ఆ సంగతి చెప్పేసరికి మాషిమా మొహం చిన్నబోయింది. ఇంజన్ మార్చినట్టే ఆమెకు తెలియదు. ఇప్పటికే తుక్కు వ్యాపారి వచ్చి చూసి వెళ్లాడు. శనివారం బండి తోసుకుపోయి డబ్బు చేతిలో పెడతానన్నాడు. అతనికి ఏ నంబరుతోనూ పనిలేదు. ఈ వయసులో బెల్తలాలోని మోటారు వాహనాల కార్యాలయం చుట్టూ తిరిగే ఓపిక తనకు లేదని ఆమె చెప్పారు. అందులో తప్పుపట్టాల్సిందేమీ లేదు. రుత్విక్ ఘటక్ 1958లో తీసిన ‘అజాంత్రిక్’లో డ్రైవర్ బిమల్ తన పాత షెవర్లే టాక్సీతో కబుర్లాడతాడు, దాని మీద అలుగుతాడు. చివరికి దాన్ని తుక్కు వాళ్లకే అప్పగిస్తాడు. బెంగాలీలకు ఈ కథ కొత్తది కాదు.

ఆ రోజు బుధవారం. లెక్క ప్రకారం అక్కడితో లేచి వచ్చేయాలి. ఏసీ ఉన్న చిన్న కారు వాదన అంత బలంగా ఆయనకు అంతకుముందెప్పుడూ అనిపించలేదు. రెండో టీ తాగుతూ ఊరికే అడిగారు, అయ్యగారు బిల్లులేమైనా దాచేవారా అని. బీరువా పైనుంచి పని అమ్మాయి ఒక బిస్కెట్ల డబ్బా దించింది. కరెంటు బిల్లులు, బీమా రసీదులు, టైర్ల గ్యారంటీ కార్డులు. ఆ మనిషి దేన్నీ పారేయలేదు. సగం డబ్బా ఖాళీ అయ్యాక 2011 నాటి బిల్లు ఒకటి బయటపడింది. వాడిన ఇసుజు ఇంజన్ ఒకటి, నంబరుతో సహా. కార్బన్ కాపీ వెలిసిపోయింది. టార్చి ఏటవాలుగా పెట్టి చూస్తే నంబరులో అన్ని అంకెలూ పెన్సిల్ అచ్చుతో కలిశాయి, ఒక్కటి తప్ప. అది మూడో ఎనిమిదో తేలడం లేదు.

ఆ కాగితాన్ని బెల్తలాలో ఒప్పుకుంటారో లేదో చెప్పడం కష్టం. ఒప్పుకుంటే ఆర్‌సీ మీద కొత్త నంబరు ఎక్కుతుంది, బండికి శ్రీకాకుళం దారి తెరుచుకుంటుంది. లేకపోతే తుక్కు వ్యాపారే దిక్కు. ఆయన ఐదు వేలు అడ్వాన్సు ఇచ్చి తెల్ల కాగితం మీద రాయించుకున్నారు: ఇంజన్ నంబరు ఆర్‌సీలో ఎక్కాకే మిగతా సొమ్ము, ఎక్కకపోతే అడ్వాన్సు వాపసు, ఈలోగా బండిని ఇంకెవరికీ ఇవ్వరాదు. కార్యాలయం చుట్టూ తిరిగే పని ఆయనదే. అందుకు ఆమె అధికార పత్రం మీద సంతకం చేసి, శనివారం రావద్దని తుక్కు వ్యాపారికి ఫోన్ చేయించారు.

గరియాహాట్ కూడలి దగ్గర ట్రాము పట్టాలు దాటుతుండగా ఇంటి నుంచి ఫోన్ వచ్చింది.

‘‘కొనేశారా?’’

‘‘ఇంకా లేదు. అడ్వాన్సిచ్చాను.’’

‘‘ఏమండీ, ఇంతకీ దానికి ఏసీ ఉందా?’’

ఆయన చూడటం మర్చిపోయారు.